గుడిలో చేతులెత్తించుట



ఎన్నికల కాలములో మన పల్లె గుళ్లలో జరుగుచున్న ఒక పనిని గూర్చి ఈ నెల మీతో మాటలాడవలసి యున్నది. మెత్తగా చెప్పదగిన విషయము కాదు గనుక గట్టిగానే చెప్పెదను. కోపము వచ్చినవారు చివరి వరకు చదివి, ఆ తరువాత కోపపడవలెనని మనవి.

ఆదివారపు ఆరాధన సగములో నుండగా వీధిలో కార్లు వచ్చి ఆగును. పాట ఆగిపోవును. ముందు చాపల మీద కూర్చున్న ముసలివారిని ప్రక్కకు జరిపి, ప్రసంగపీఠము దగ్గర కుర్చీలు వేయుదురు. అభ్యర్థి లోపలికి వచ్చును. ఆయన వెంట పదిమంది చెప్పులతోనే వత్తురు. సంఘ పెద్ద ఒకరు శాలువ కప్పును. స్త్రీల సమాజమువారు దండ వేయుదురు. పాస్టరుగారు ఆయన తలమీద చెయ్యి యుంచి, విజయము దయచేయుమని దేవుని వేడుకొందురు. అటుపిమ్మట మైకులో ప్రకటన: మన సంఘమంతయు ఏకగ్రీవముగా వీరికే మద్దతు ఇచ్చుచున్నది, ఒప్పుకొన్నవారందరు చేతులెత్తుడి! చేతులు లేచును. ఎత్తనివారెవరో వెనుక నిలుచున్నవారు చూచుచునే యుందురు. మరునాటికి ఆ ఫోటో ఫ్లెక్సీ మీదికి ఎక్కును. ఒక ప్రక్క పాస్టరుగారు, ఒక ప్రక్క అభ్యర్థి, పైన సిలువ.

ఇది తప్పు. ఏ పార్టీవారికి చేసినను తప్పే. మనకిష్టమైన వారికి చేసినప్పుడు మరింత ప్రమాదము, ఏలయనగా అప్పుడు మనకది తప్పుగా కనబడదు.

మొదట ఆ ఎత్తిన చేతి సంగతి చూతము. మన గుడిలో చేయి ఎత్తుట చిన్న సంగతి కాదు. ప్రార్థనలో ఎత్తుదుము. పాపము ఒప్పుకొని ప్రభువును అంగీకరించుచున్నానని పదిమంది యెదుట ఎత్తుదుము. ఆ చేతినే ఓట్ల లెక్కకు ఎత్తించుట ఎట్టిదో మీరే ఆలోచించుడి. ఇంకొక సంగతి కలదు. 1951-52 సంవత్సరములలో మన దేశమునకు మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు, చదువురాని వారి నిమిత్తము ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించి, తెర చాటున నుంచిరి. కూలి చేసికొను స్త్రీ ఆ తెర వెనుకకు పోయి, కామందు చూడకుండ, కరణము చూడకుండ, తుదకు తన పెనిమిటియు చూడకుండ తన కాగితము వేసి వచ్చెను. ఎవరికి ఓటు వేసితివో చెప్పుమని ఏ మనుష్యుని నిర్బంధింపరాదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములో వ్రాయబడి యున్నది. తరతరములుగా ఊరి బయట నుంచబడిన మన జనమునకు ఆ తెర ఎంత పెద్ద మేలో ఊరివారికి తెలియకపోవచ్చును గాని మనకు తెలియును. కలెక్టరు అడుగకూడని దానిని పాస్టరుగారు మైకులో అడుగుచున్నారు. ప్రభుత్వము కట్టిన తెరను గుడిలో మనమే చించుచున్నాము.

చించిన తరువాత దాని వెల ఎవరు చెల్లింతురు? పాస్టరుగారు కాదు. మన సంఘములలో అనేకులు ఇతరుల పొలములలో పనిచేసి బ్రదుకువారు. సంఘమంతయు ఒక ప్రక్కనున్నదని ఫ్లెక్సీ కట్టిన తరువాత రెండవ ప్రక్కవారు గెలిచినచో, నాట్లకు పిలువవలసిన రైతు పిలువడు. పింఛను కాగితము మీద సంతకము ఆలస్యమగును. బోరు బాగుచేయువారు పేటకు చివర వత్తురు. చేయి ఎత్తినది భయముచేతనో మొగమాటముచేతనో కావచ్చును. శిక్ష మాత్రము మనస్సార ఎత్తినవారితో సమానముగానే పడును.

అబ్షాలోము కథ మీరెరుగుదురు. అతడు రథమును గుర్రములను సంపాదించి, తన ముందర పరుగెత్తుటకు ఏబదిమందిని పెట్టుకొనెను. ఉదయముననే లేచి గుమ్మపు మార్గము ప్రక్క నిలిచి, వ్యాజ్యెముతో వచ్చిన ప్రతివాని ఊరు పేరు అడిగి, నీ మాట న్యాయమైనదే గాని వినువాడు లేడు, నేనే అధికారినైతే ఎంత బాగుండునని చెప్పుచు, నమస్కరింప వచ్చినవానిని పట్టుకొని ముద్దుపెట్టుకొనెను. ఓట్లడుగు విద్య ఈనాటిది కాదు! అయితే రెండవ సమూయేలు పదునైదవ అధ్యాయములో నా మనస్సును పట్టుకొనునది అబ్షాలోము కాదు, అతనితో హెబ్రోనుకు పోయిన ఆ రెండువందలమంది. వారు పిలువబడి పోయిరి. విందు అనుకొనిరి, బలి అనుకొనిరి. అక్కడ జరుగబోవునది వారికేమియు తెలియదు. చూచినవారికి మాత్రము యెరూషలేము పెద్దలు రెండువందలమంది అబ్షాలోము పక్షమున నున్నట్లే కనబడెను. అతనికి కావలసినది అంతే. ఆరాధనకని వచ్చి, చేయి ఎత్తి, ఫోటోలో పడిన మన అమ్మలు అయ్యలు ఆ రెండువందలమందే.

ఇక పాస్టర్ల విషయమునకు వత్తును. మొదటి రాజులు ఇరువదిరెండవ అధ్యాయము తీసి ముందు పెట్టుకొనుడి. అహాబు రామోత్గిలాదు మీదికి యుద్ధమునకు పోదలచెను. దేవుని సెలవు కావలెనని యూదా రాజైన యెహోషాపాతు పట్టుపట్టగా, అహాబు ప్రవక్తలను పిలిపించెను. ఇంచుమించు నాలుగువందలమంది. అందరు ఒకే మాట: పొమ్ము, గెలిచెదవు. సిద్కియా అనువాడు ఇనుప కొమ్ములు చేయించుకొని వచ్చి వాటితో ఆడి చూపెను. ఈనాడైతే పార్టీ కండువా వేసికొని వచ్చియుండును. నాలుగువందలమంది చెప్పినను యెహోషాపాతుకు తృప్తి కలుగలేదు. విచారించుటకు ఇంకొక ప్రవక్త ఇక్కడ లేడా అని అతడు అడిగెను. ఉన్నాడు గాని వానిని నేను ద్వేషింతునని అహాబు చెప్పెను. ఎందుకు ద్వేషించెను? వాడు ఎన్నడును తనకు అనుకూలముగా పలుకడు గనుక.

మీకాయాను పిలువబోయిన దూత దారిలో ఏమి చెప్పెనో చూడుడి. మిగిలినవారందరు ఏకముగా రాజుకు మంచి పలుకుచున్నారు, నీవును వారివలెనే పలుకుమని బ్రతిమాలెను. దుర్మార్గుడై చెప్పలేదు, ఆ ముసలివాని మేలు కోరియే చెప్పియుండవచ్చును. మన పాస్టర్లకును ఇట్టి దూతలు సంఘములోనుండియే వత్తురు. అయ్యగారూ, చుట్టుప్రక్కల సంఘములన్నియు ప్రకటించినవి, మనమొక్కరమే ఎందుకు చెడ్డ కావలెను అందురు. మీకాయా పోయి ఉన్నది చెప్పెను. చెంపదెబ్బ తినెను. చెరసాలలో కొంచెము రొట్టె, కొంచెము నీళ్లు అతని పాలాయెను. అహాబు యుద్ధములో వేషము మార్చుకొనినను, ఎవడో గురిచూడక వేసిన బాణము కవచపు అతుకులో తగిలి చచ్చెను. నాలుగువందల ఓట్ల ఏకగ్రీవము ఒక బాణమును ఆపలేదు.

ఆ ప్రవక్తలందరు మొదటినుండి అబద్ధికులే అని నేననుకొనుట లేదు. వారు రాజు బల్లకు దగ్గరగా కూర్చుండిరి. దగ్గర కూర్చున్నవారికి రాజు ముఖము కనబడును, రామోత్గిలాదు కనబడదు.

ఇది పాతకాలపు సంగతి అని తోసివేయకుండ, ఇరువదియవ శతాబ్దములో జర్మనీ దేశమున జరిగినది వినుడి. లూథరు పుట్టిన దేశము, ఇంటింట బైబిలున్న దేశము. 1933 జనవరి 30న హిట్లరు ప్రధానియాయెను. దేశమునకు మంచి దినములు వచ్చెనని ఎందరో పాస్టర్లు సంతోషించిరి. మార్టిన్ నీమొల్లరు అను పాస్టరు కూడ మొదట సంతోషించినవాడే. తరువాత ఎదిరించి, 1937 నుండి 1945 వరకు నిర్బంధములో నుండెను. 1933 జూలైలో ప్రొటెస్టంటు సంఘములకు ఎన్నికలు జరిగినవి. ముందునాటి సాయంకాలము హిట్లరే రేడియోలో మాటలాడి, తన పక్షపు క్రైస్తవులను గెలిపింపుమని కోరెను. వారు ఇంచుమించు మూడింట రెండు వంతులు గెలిచిరి. రెండు నెలలు గడువక మునుపే ప్రష్యా సంఘపు సినడు, యూదుల వంశములో పుట్టిన పాస్టర్లను తీసివేయు చట్టము చేసెను. ప్రభువే ఏ వంశమున పుట్టెనో వారు మరచిరి.

అంతటితో ఆగలేదు. 1938 ఏప్రిల్‌లో, హిట్లరు పుట్టినరోజుకు కానుకగా, పాస్టర్లందరు ఆయనకు విధేయులై యుందుమని ప్రమాణము చేయవలెనని ప్రష్యా సంఘ పరిపాలనాధిపతి వెర్నరు ఆజ్ఞాపించెను. అనేక దినములు తర్జనభర్జనలు జరిగినవి. కొందరు ఏడ్చుచు, కొందరు సంతోషముతో, చాలమంది ప్రమాణము చేసిరి. అప్పుడేమి జరిగెనో తెలియునా? హిట్లరు పార్టీలో పెద్దయైన బోర్మను ఆ వేసవిలోనే ఒక లేఖ పంపెను. ఈ ప్రమాణము సంఘములు తమంతట తాము పెట్టుకొన్న లోపలి వ్యవహారమనియు, దీనికి పార్టీ ఏ విలువయు ఇచ్చుట లేదనియు దాని సారాంశము. అమ్ముకొన్నవారికి కొన్నవాడు ధర కూడ ఇవ్వలేదు.

చేయనివారును ఉండిరి. కార్ల్ బార్త్ బాన్ పట్టణపు విశ్వవిద్యాలయములో దైవశాస్త్ర బోధకుడు. ఉద్యోగులు చేయవలసిన ప్రమాణమును, సువార్త క్రైస్తవునిగా నాకు చేతనైనంత మట్టుకు అను మాట చేర్చినగాని చేయనని అతడు చెప్పెను. ఆ ఒక్క మాటకు ఉద్యోగము పోయెను. 1935లో స్వదేశమైన స్విట్జర్లాండునకు వెడలిపోయెను. అంతకుముందు, 1934 మే నెలలో, బార్మెన్ పట్టణములో కూడిన సంఘ ప్రతినిధులు యేసుక్రీస్తు ఒక్కనికే తాము లోబడుదుమని ప్రకటించి యుండిరి. ఆ ప్రకటన వ్రాతలో ముఖ్యమైన చెయ్యి బార్త్‌దే. యుద్ధము ముగిసిన తరువాత, 1945 అక్టోబరులో, స్టుట్‌గార్టులో జర్మను సంఘ నాయకులు తాము మరింత ధైర్యముగా సాక్ష్యమియ్యలేదని ఒప్పుకొనిరి. అప్పటికి కోట్లమంది చచ్చియుండిరి.

మన ఊరి అభ్యర్థిని హిట్లరుతో పోల్చుచున్నానని ఎవరును అనుకొనవద్దు. అది అన్యాయము. నేను పోల్చుచున్నది పాస్టర్లను.

కొందరు అడిగెదరు: అది పరదేశపు మాట, మన తెలుగు సంఘములో ఇట్టి ప్రశ్న ఎప్పుడైన వచ్చెనా? వచ్చెను. 1932లో బ్రిటిషు ప్రభుత్వము మతములనుబట్టి ప్రత్యేక నియోజకవర్గములు ప్రకటించి, మన దేశపు క్రైస్తవులకును అట్టివి ఇచ్చెను. క్రైస్తవుల సీటుకు క్రైస్తవులే ఓటు వేయుట. పైకి చూచిన గొప్ప లాభము. దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు దానిని వ్యతిరేకించిరి. 1912లో అభిషేకము పొంది, 1945లో ప్రభువునందు నిద్రించు వరకు మన మాల మాదిగ పేటలలో తిరిగిన బిషప్పు ఆయన. పేదల అవసరము తెలియనివాడు కాడు. అయినను, సంఘము ఓట్ల గుంపుగా మారినచో పొరుగువానికి సువార్త చెప్పు నోరు పోవునని ఆయన భయపడిరి. రాజకీయ లాభము వెదకు గుంపువాడు చెప్పు యేసును పొరుగువాడు ఎందుకు వినును? ఎంత సూటి మాట! స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1949 మే నెలలో రాజ్యాంగ సభ మతమునుబట్టి సీట్ల కేటాయింపును తీసివేసినప్పుడు, అందుకు ముందుండి సమ్మతించినవారిలో బెంగాలు క్రైస్తవుడు హరేంద్ర కుమార్ ముఖర్జీగారు ఒకరు. ఆయన ఆ సభకు ఉపాధ్యక్షులు. మన పెద్దలు చట్టమిచ్చిన గుంపు ఓటునే వద్దనిరి. ఏ చట్టము ఇయ్యని గుంపు ఓటును మనము ఒక శాలువకు తయారుచేసి ఇచ్చుచున్నాము.

చట్టము ఇయ్యకపోవుటయే కాదు, వద్దన్నది. 1988లో పార్లమెంటు మతసంస్థల దుర్వినియోగమును అరికట్టు చట్టము చేసెను. దేవాలయమైనను, మసీదైనను, గురుద్వారమైనను, మన గుడియైనను, ఆ స్థలమును రాజకీయ కార్యములకు వాడనిచ్చిన నిర్వాహకునికి ఐదేండ్ల వరకు చెరసాల, పదివేల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. వీరికి ఓటు వేయకపోతే దేవుని కోపమునకు పాత్రులగుదురని ఓటరును నమ్మించుట అక్రమ ప్రాబల్యమని ప్రజాప్రాతినిధ్య చట్టపు 123వ సెక్షను చెప్పుచున్నది. మతము పేరు చెప్పి ఓటడుగుట, అది అభ్యర్థి మతమైనను ఓటరు మతమైనను, అవినీతి కార్యమే యగునని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తులలో నలుగురి మాటగా తీర్పు చెప్పెను. గెలిచినవాని సీటు పోవచ్చును. తలమీద చెయ్యి యుంచి ప్రార్థించుట వలన అభ్యర్థికే కీడు జరుగవచ్చునన్నమాట!

అధికారుల కొరకు ప్రార్థింపుమని పౌలు తిమోతికి వ్రాయలేదా అని అడిగెదరు. వ్రాసెను. రాజుల కొరకును అధికారులందరి కొరకును అని వ్రాసెను. అప్పటి రోమా చక్రవర్తి నీరో. ఆయన కొరకు ప్రార్థించుట ఆయనకు మద్దతు ప్రకటించుట కాదని చిన్నపిల్లకును తెలియును. ప్రార్థన అందరికి. మద్దతు ఒకనికి. రెంటిని కలిపి కుట్టరాదు.

ఆయన మన గుడికి పైకప్పు వేయించెను, కృతజ్ఞత చూపవద్దా అందురు. చూపుడి. ధన్యవాదములు చెప్పుడి, రసీదు ఇయ్యుడి. దేవుని మందిరమునకు ఇచ్చినది దేవునికి ఇచ్చినచో అప్పు తీరినది. ఓటు కొరకు ఇచ్చినచో అది కానుక కాదు, బయానా. బయానా తీసికొను ముందే తెలిసికొనుట మేలు.

నన్ను నిజముగా ఆలోచింపజేయు అభ్యంతరము ఒక్కటే. మేము పేదలము, మాకు సమాధుల స్థలము లేదు, చచ్చినవారిని చెరువుగట్టున పాతిపెట్టుచున్నాము. గుంపుగా కనబడకపోతే మా మొర ఎవరు విందురు? ఇది న్యాయమైన మొర. దీనిని తేలికగా కొట్టివేయు పట్టణపు పెద్దల మీద నాకు కోపము వచ్చును. అయితే మొరపెట్టుట వేరు, మద్దతు రాసియిచ్చుట వేరు. సమాధుల స్థలము హక్కుగా అడుగుడి; సంఘము పేరనే అడుగుడి, వందమంది సంతకములతో అడుగుడి, తహసీల్దారు కచేరికి నడచి పోవుడి. కలెక్టరుగారు అర్జీలు తీసికొను దినమున వరుసలో నిలువుడి. వద్దనువాడెవడు? దండలతో పని జరుగుననుట నిజమైతే ఈపాటికి జరిగియుండవలెను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు వలన, క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులపు హక్కు లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ఉత్తరువు సవరింపబడెను. మనకు కాలేదు. ఇన్ని ఎన్నికలలో ఎన్ని దండలు వేసితిమి! ముందే చేతికి వచ్చిన ఓటును గూర్చి ఏ నాయకుడును రాత్రి మేలుకొని ఆలోచింపడు.

పాస్టరుగారు పౌరుడు కాడా? పౌరుడే. వారును వరుసలో నిలిచి, తెర వెనుకకు పోయి, తమ ఓటు వేయవలెను. ఇరుగుపొరుగుతో అరుగు మీద కూర్చుండి తమ అభిప్రాయము చెప్పుకొనవచ్చును. అంగీ వేసికొని, ప్రసంగపీఠము దగ్గర, మా సంఘము అని చెప్పుటకు మాత్రము వారికి హక్కు లేదు. ఆ పీఠము వారిది కాదు.

కనుక సంఘ పెద్దలకు నా విన్నపము. ఎన్నికల ప్రకటన రాకముందే కమిటీ కూడి, ఏ అభ్యర్థికిని సంఘము మద్దతు ప్రకటింపదని తీర్మానము పుస్తకములో వ్రాసి సంతకములు చేయుడి. ముందే వ్రాసినచో ఇది ఎవరి మీదనో చేసినదని ఎవరును అనలేరు. అభ్యర్థి ఆదివారము వచ్చినచో బయటికి పంపవద్దు. చెప్పులు విడిచి, అందరితో పాటు చాప మీదనో బెంచీ మీదనో కూర్చుండి వాక్యము విననియ్యుడి; ఆయనకును అది అవసరమే. పాట ఆపవద్దు, కుర్చీ వేయవద్దు. ప్రార్థన చేయవలసి వచ్చినచో నిలుచున్న అభ్యర్థులందరి పేర్లు చెప్పి చేయుడి. ఆరాధన ముగిసి ఆశీర్వాదము పలికిన తరువాత, గుడి ఆవరణము దాటి వీధిలోనికి వచ్చి, సమాధుల స్థలము అర్జీ ఆయన చేతికి ఇయ్యుడి. అదే అర్జీ, అవే మాటలు, అవే సంతకములు, ఆ తరువాత వచ్చినవానికిని ఇయ్యుడి.